చుక్క పెట్టిన పేర్లు

సోమవారం పొద్దున సిద్ధిరాములు షట్టరు సగం ఎత్తేసరికే ఆమె మెట్టు పక్కన నిలబడి ఉంది. చేతిలో సంచి, సంచిలో కాగితాలు, కాగితాలకు మళ్లీ పాలిథిన్ తొడుగు. వానలు పోయి నాలుగు నెలలైనా కాగితాలను అంత భద్రంగా చుట్టుకొచ్చిందంటే ఎల్లారెడ్డి దిక్కు మనిషే అయి ఉంటుందనుకున్నాడు. ఆగస్టులో ఇండ్లలోకి నీళ్లొచ్చినవాళ్లు ఆధార్ జిరాక్సుకు కూడా ఇంకా అట్లాగే చుట్టుకొస్తున్నారు.

ఆమె జిరాక్సుకు రాలేదు.

"కంప్యూటర్ సార్ మీరేనా?" అని అడిగింది.

ఆ పిలుపు విని చాలా ఏండ్లయింది. కామారెడ్డిలో ఆయన్ను అందరూ సిద్ధన్న అంటారు. కంప్యూటర్ సార్ అన్నది ఎల్లారెడ్డి బడిలో పిల్లలు పెట్టిన పేరు. ఆయన షట్టరు పూర్తిగా ఎత్తి, స్టూలు తుడిచి, "కూసో బిడ్డా" అన్నాడు.

ఆమె పేరు రుఖియా. ఎల్లారెడ్డిలో బట్టలు కుడుతుంది. ముప్పై ఆరేండ్లు. పదీ ఇంటరూ ఓపెన్ స్కూలులో కట్టి పాసై, టీచర్ ట్రైనింగ్ చేసి, మూడోసారి రాసిన టీచర్ పరీక్షలో జాబితాకెక్కింది. గురువారం సర్టిఫికెట్ల పరిశీలన. ఒకటి నుంచి ఏడు దాకా కనీసం నాలుగేండ్లు ఈ జిల్లాలో చదివినట్టు బడి కాగితం చూపిస్తేనే ఆమె స్థానికురాలు. చూపకపోతే పోస్టు జాబితాలో కిందున్న పేరుకు పోతుంది. మొదటి మూడు తరగతులు ఆమె రాష్ట్రం సరిహద్దు అవతలి దెగ్లూర్‌లో అమ్మమ్మ దగ్గర చదివింది. ఆ కాగితం ఉంది. ఉండడమే చిక్కయింది, పరాయి రాష్ట్రం పిల్ల అంటున్నారు. నాలుగు నుంచి ఏడు దాకా చదివిన ఎల్లారెడ్డి బడి మూతపడి పదిహేడేండ్లయింది. రిజిస్టర్లు పాత బిల్డింగు గదిలోనే ఉండేవి. నీళ్లు దిగిపోయాక చూస్తే పుస్తకానికి పుస్తకం అట్టలాగా అంటుకుపోయి ఉన్నాయట.

"తహసీల్దార్ కాయితం తెస్త అన్న సార్. బడికి పోయినోళ్లకు అది నడవదంట. కంప్యూటర్ల ఏమన్న ఉంటె, ఎక్కిచ్చిన మనిషి గాని పాత పెద్దమేడం గాని సాక్ష్యం రాసి సంతకం పెట్టాలె అన్నరు. ఇద్దరు పెడితె ఇంక అడిగేదే లేదట."

సిద్ధిరాములు లోపలికి పోయి, పై అరలోంచి బిస్కెట్ల రేకుడబ్బా దించాడు. బడి మూసి కంప్యూటర్లను పాత ఇనుపసామానుకు వేస్తున్న రోజున ఆయన అడిగి తెచ్చుకున్న హార్డ్ డిస్కు అందులో ఉంది, పాత దస్తీలో చుట్టి. ఎందుకు తెచ్చుకున్నాడో అప్పుడు తెలియదు. భార్య గంగామణి బతికి ఉండగా ఆ డబ్బాను రెండుసార్లు పాతసామాను వాడికి వేయబోయి, ఏమనుకుందో ఏమో, మళ్లీ అరలోనే పెట్టింది. దస్తీకి ఆమె వేసిన ముడి అట్లాగే ఉంది. ఆయన ఆ ముడిని గోటితో మెల్లగా విప్పాడు.

లాప్‌టాప్‌కు తగిలిస్తే డిస్కు తిరిగింది. గరగరమంది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఏడాదికొక ఫైలు. ఒక్కో పిల్లకు ఒక్కో వరుస: పేరు, తండ్రి పేరు, తరగతి, జూన్ నుంచి మార్చి దాకా నెలనెలా వచ్చిన రోజులు. మొదటి మూడేండ్ల ఫైళ్లు మామూలు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకున్నాయి. నాలుగో తరగతి, ఐదు, ఆరు. కలీమ్ బిడ్డ రుఖియా బేగం మూడింటిలోనూ ఉంది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని తెర మీదికి వంగి, తన పేరును చూసింది. వేలు చాచి, తెరకు తాకించకుండానే వెనక్కి తీసుకుంది.

నాలుగో ఫైలు, ఆమె ఏడో తరగతి చదివిన రెండువేల ఒకటి-రెండు ఏడాదిది, తెరుచుకోలేదు. పాడైందని చెప్పి మూసుకుంది. మూడుసార్లు అదే మాట.

"మూడేండ్లు నడవయా సార్?" అందామె. నడవదని ఆమెకు తెలుసు. అయినా అడిగింది.

"రేపటి దాక చూస్త బిడ్డా. ఫైలు పోలే. చదివేటోడు కావాలె, గంతే."

పక్క హోటల్ హైదర్ రెండు గ్లాసుల చాయ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సిద్ధిరాములు దాంట్లో చక్కెర తక్కువ. చెప్పి చేయించుకున్నది కాదు. గంగామణి పోయిన నెల్లాళ్లకు హైదర్ తనంతట తానే తగ్గించాడు, ఇక ఆయన ఆరోగ్యం చూసేవాళ్లు లేరని.

మంగళవారం ఆయన జిరాక్సు మెషీన్ మీద తువ్వాల కప్పేశాడు. వచ్చినవాళ్లను ఎదురు దుకాణానికి పంపాడు.

ఫైలుకు వచ్చిన రోగం ఏమిటో ఆయనకు తెలుసు. ప్రతి ఫైలు మొదట్లో లోపల ఎన్ని వరుసలున్నాయో ఒక అంకె రాసి ఉంటుంది. ఎల్లారెడ్డిలో ఆ రోజుల్లో కరెంటు చెప్పి పోయేది కాదు. రాస్తుండగా పోతే ఆ అంకె చెడిపోయేది. వరుసలన్నీ లోపల చెక్కుచెదరకుండా ఉంటాయి, గడప మీది నంబరే తప్పు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఆ తప్పు నంబరు చూసి గడప దగ్గర్నుంచే తిరిగి పోతున్నాయి.

ఇట్లాంటి పాత ఫైళ్లను చదవడం తెలిసిన లైబ్రరీ ఒకటి నెట్‌లో దొరికింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఒక పని తెలిసిన కోడునంతా ఒక మూటగా కట్టి, ఎవరైనా వాడుకొమ్మని ఊరికే వదిలిపెట్టింది. రాసిన మనిషి ఏ దేశమో, ఆడో మగో తెలియదు. దాంతోపాటు పెట్టిన వివరాల కాగితంలో మాత్రం ఒక మాట రాసి ఉంది: ఈ ఫైళ్లు పాతవని నవ్వకండి, వీటిలో ఇంకా మనుషులున్నారు. సిద్ధిరాములు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

ఆయన దుకాణంలోని లాప్‌టాప్ కూడా పాతదే. దానికి సరిపడేట్టు తయారుచేసి పెట్టినది ఎక్కడా లేదు. కోడు దించుకొని ఇక్కడే కట్టుకోవాలి. నల్లటి తెర తెరిచి, కళ్లద్దాలు ముక్కు మీదికి జరిపి, ఒక్కో ఆజ్ఞా కొట్టడం మొదలుపెట్టాడు. ముందు ఈ మెషీన్‌లో ఏమున్నాయో ఏం లేవో అది తడిమి చూసుకుంటుంది. ఉంది, ఉంది, ఉంది అంటూ వరుసగా పోయి ఒకచోట లేదు అని ఆగిపోయింది. కావలసిన ఇంకో చిన్న మూట లేదు. దాన్ని తెచ్చి పెట్టి మళ్లీ మొదటి నుంచి నడిపించాడు. ఈసారి కొంతదూరం ఎక్కువ పోయి ఇంకోచోట ఆగింది. బీడీల ఆకు కత్తిరించేవాళ్లు చెడు ఆకును తీసి పక్కన పెట్టినట్టు, ఒక్కో తప్పును ఒక కాగితం మీద రాసుకొని, ఒకదాని తర్వాత ఒకటి తీసేశాడు. పదకొండు గంటలకు కట్టడం మొదలైంది. తెర మీద వరుసలు పరుగెత్తుతుంటే ఫ్యాను రొద పెంచింది. ఆయన లాప్‌టాప్ కింద రెండు అగ్గిపెట్టెలు పెట్టి గాలి ఆడేట్టు చేశాడు. పన్నెండింటికి పని ముగిసింది. పిలిస్తే, లైబ్రరీ కనబడడం లేదంది.

తెచ్చి ఇంట్లో పెట్టాక కూడా లేదంటుందేమిటని కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది. సామాను ఏ అరలో పెట్టామో మెషీనుకు ఒకసారి చెప్పాలి. ఆ ఒక్క ఆజ్ఞ కొట్టాడు. ఈసారి పలికింది.

గడప నంబరును పట్టించుకోకుండా లోపలికి పొమ్మని చెప్పి ఫైలు ముందుపెట్టాడు. పేర్లు జలజలా దిగాయి. నూట ఎనభై మూడు. పై నుంచి కింది దాకా చూశాడు. కింది నుంచి పై దాకా చూశాడు. రుఖియా లేదు.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ చేసింది. వెనక కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"ఫైలు తెరుచుకుంది బిడ్డా. పేరు ఇంకా దొరకలే" అన్నాడు.

మిషన్ ఆగింది. "నేను ఏడు చదివిన సార్" అంది. గొంతు పెంచలేదు. "పరీక్షకు నా పేరు రాలేదన్నరు. మా అబ్బ షార్జాల ఉండె, సంతకం పెట్టి ఫారం పంపలేదేమో అనుకున్న. చదివింది మాత్రం చదివిన."

ఆయన ఫోన్ పెట్టేసి అన్నం డబ్బా తెరిచాడు. పొద్దున తాను చేసుకున్న పచ్చిపులుసు, ఎప్పటిలాగే పులుపెక్కువ. తింటూ ఆ లైబ్రరీతో వచ్చిన కాగితాన్ని మొదటి నుంచి చదవసాగాడు. నాలుగో పేజీలో ఒక మాట ఉంది. ఈ రకం ఫైళ్లలో తీసివేసిన వరుస నిజంగా పోదు. దాని ముందు నక్షత్రం లాంటి ఒక చుక్క పడుతుంది, అంతే. మామూలుగా చూపినప్పుడు చుక్క ఉన్నవాటిని దాచిపెడతాం. అవీ చూడాలంటే ఈ ఆజ్ఞ.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఈ సంగతి ఆయనకు కొత్త కాదు. ఇరవై నాలుగేండ్ల కింద ఆయన వేళ్లకు తెలిసిన సంగతే.

చెయ్యి కడుక్కొని వచ్చి ఆ ఆజ్ఞ కొట్టాడు. రెండువందల పద్నాలుగు. ముప్పై ఒక్కటి ఎక్కువ. ఆ ముప్పై ఒక్క పేర్ల ముందూ చుక్క. పంతొమ్మిదో చుక్క పక్కన కలీమ్ బిడ్డ రుఖియా బేగం.

జనవరి నెల. తనిఖీకి ముందు పెద్దమేడం అనసూయమ్మ ఒక కాగితం పంపింది, ఎర్ర పెన్సిలు గీతలతో. ఏడో తరగతి జిల్లా పరీక్షకు పంపవద్దనుకున్న పిల్లలు. సరిగా రానివాళ్లు, తప్పుతారేమో అని అనుమానం ఉన్నవాళ్లు. తప్పితే బడి ఫలితం పడిపోతుంది, ఫలితం పడితే గుర్తింపుకు ముప్పు. సిద్ధిరాములు ఒక్కో పేరూ వెతికి తీసివేత కొట్టాడు. ముప్పై ఒక్కసార్లు. మధ్యలో లేచి నీళ్లు తాగినట్టు కూడా గుర్తుంది. ఆ పేర్లకు ముఖాలున్నాయని మాత్రం అప్పుడు తోచలేదు. ఇప్పుడూ, ఎంత తడుముకున్నా, నిన్న స్టూలు మీద కూర్చున్న మనిషిలో ఆ పిల్ల ముఖం దొరకడం లేదు.

తీసివేసినవాటిని ఫైలులోంచి పూర్తిగా ఊడ్చేయడానికి వేరే ఆజ్ఞ ఉండేది. అది చాలాసేపు పట్టేది. మధ్యలో కరెంటు పోతే ఫైలంతా పోతుందని భయపడి ఆయన ఎన్నడూ ఆ పని చేయలేదు. అందుకే ఆ పేర్లు మిగిలాయి. ఇంకోటి కూడా మిగిలింది. తరగతి టీచర్లు నెలనెలా పంపిన హాజరు చీటీల్లో ఏ పేరుంటే ఆ పేరుకు అంకె ఎక్కిస్తూ పోయాడు, చుక్క ఉందా లేదా చూడకుండానే. రుఖియా వరుసలో నవంబరు పన్నెండు రోజులు, డిసెంబరు తొమ్మిది. చుక్క పడ్డ జనవరిలో పదిహేను. ఫిబ్రవరిలో ఇరవై మూడు. ఆ ఏడాదంతా ఆమె ఇన్ని రోజులు వచ్చిన నెల ఇంకొకటి లేదు.

పరీక్ష ఉందనుకొని వచ్చింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బుధవారం ఎల్లారెడ్డి బస్సు లింగంపేట దగ్గర తెగిన కల్వర్టు పక్కన దిగి మెల్లగా ఎక్కింది. సంచిలో లాప్‌టాప్, డిస్కు, రెండు కాగితాలు. ఒకటి చుక్కలతో ఉన్నది. రెండోది ఆయన పొద్దున తీసింది. ఒక్క ఆజ్ఞతో చుక్క లేపేసి, రుఖియా నాలుగేండ్ల వరుసలు నీటుగా అచ్చువేసిన కాగితం. అసలు ఫైలును ముట్టుకోలేదు, దాని నకలులో చేశాడు. చేసినంతసేపూ ఇది మంచిపనే అని తనకు తాను చెప్పుకున్నాడు. లేని పేరు పెట్టడం లేదు గదా, ఉన్న పేరు మీది మట్టి తుడుస్తున్నాం, అంతే.

అనసూయమ్మకు డెబ్బై ఎనిమిది. వరండాలో కుర్చీ వేసుకొని ఎండకు కూర్చుంది. ఒక కంటికి ఆపరేషనైంది, ఇంకోటి కావాలి. గొంతు మాత్రం అట్లాగే ఉంది.

"సిద్ధిరాములూ, నువ్వు ముసలోడివైతివి గదనయ్యా" అంది. "నాకైతె ఒక కన్నే పోయింది. నీకు జుట్టంత పోయె."

ఆయన నవ్వి, పక్కన కూర్చొని సంగతి చెప్పాడు. రుఖియా పేరు వినగానే ఆమె, "కలీమ్ బిడ్డ. లెక్కలల్ల హుషారు పిల్ల. తల్లికి పాణం బాగలేక రోజు రాకపోతుండె" అంది. ఇరవై నాలుగేండ్ల తర్వాత తండ్రి పేరుతో సహా గుర్తుంది. అది విన్నాక ఆయనకు చెప్పడం ఇంకా కష్టమైంది. చుక్కల కాగితం ఆమె చేతికిచ్చి, చుక్క అంటే ఏమిటో చెప్పాడు.

ఆమె కాగితాన్ని మంచి కంటి దగ్గరికి తీసుకొని చాలాసేపు చూసింది. తర్వాత మడిచి ఆయన ఒడిలో పెట్టింది.

"నేను గుర్తు పెట్టి పంపిన. మీట కొట్టింది నువ్వు" అంది.

"అవునమ్మా. నేనే కొట్టిన."

"బడి నిలవాలె గద. రెండువందల మంది పిల్లలు. ముప్పై మంది కోసం రెండువందల మందిని బజార్ల పడెయ్యాల్నా?" ఆమె చీర కొంగుతో కన్ను ఒత్తుకుంది. అది ఆపరేషనైన కన్ను, నీరు కారుతూనే ఉంటుంది. "ఆ చుక్కలు లేని కాయితం తే. ఇక్కడనే సంతకం పెడ్త. ఆ పిల్లకు నౌకరి రావాలె. నాకు గూడ రావాలనే ఉన్నది. చుక్కల కాయితం మీద మాత్రం పెట్ట. ఈ వయసుల నా బడి పేరు నేను ఖరాబు చేసుకోను."

లోపలి నుంచి ఎవరో చాయ తెచ్చి ఇచ్చారు. వేడిగా ఉంది. ఆయన కాగితం మార్చి ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. సాయంత్రం లోపు వస్తానని చెప్పి లేచాడు. వరండా దిగుతుంటే, "మెట్టు విరిగింది, చూసుకొని దిగు" అని వెనక నుంచి చెప్పింది ఆమె.

రుఖియా ఇల్లు రెండు సందుల అవతల. ముందు గదిలోనే కుట్టుమిషన్. గోడ మీద మోకాలెత్తున వాననీటి చారిక. సున్నం వేసినా కనిపిస్తోంది. ఆమె కూతురు ఆస్మా మూలకు కూర్చొని గుండీలు కుడుతోంది. ఆయన్ను చూసి లేచి, మంచినీళ్లు తెచ్చి పెట్టి లోపలికి పోయింది.

ఆయన రెండు కాగితాలనూ మిషన్ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. వచ్చేదారిలో ఎట్లా చెప్పాలో నాలుగు విధాలుగా అనుకున్నాడు. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎర్ర పెన్సిలు, మీట, చుక్క. పరీక్షకు పేరు రాకపోవడం వాళ్ల అబ్బ ఫారం పంపక కాదు. పేర్ల జాబితా అచ్చుకు పోయినప్పుడు చుక్క ఉన్న పేర్లు తప్పుకున్నాయి. ఆ చుక్క పెట్టిన చేయి ఇదేనని తన చేయి చూపించాడు.

రుఖియా సూదిలోంచి దారం తీసింది. మళ్లీ ఎక్కించింది. ఎక్కించిన దారంతో ఏమీ కుట్టలేదు.

"మా అబ్బను చానా రోజులు తిట్టుకున్న" అంది చివరికి. "షార్జా నుంచి వచ్చినంక గూడ సరిగ మాట్లాడలే. ఫారం పంపిన బేటా, పంపిన అంటుండె. అబద్ధమనుకున్న. పోయి గూడ తొమ్మిదేండ్లాయె."

వీధిలో కూరగాయల ఆటో మైకు పెట్టుకొని పోయింది.

ఆ చప్పుడు దూరమయ్యాక ఆయన చుక్క లేని కాగితం ఆమె ముందుకు జరిపాడు. పెద్దమేడం దీని మీద సంతకం పెడతానంది. తానూ పెడతాడు. రెండు సంతకాలు, అడిగేవాళ్లుండరు. చుక్కలది చూపిస్తే మాత్రం ఏమంటారో తెలియదు. ఏడో తరగతిలో తీసేసిన పిల్ల అంటారేమో, మూడేండ్లే లెక్కపెడతారేమో. పోస్టే పోవచ్చు.

ఆమె రెండు కాగితాలనూ చాలాసేపు చూసింది. కొత్త గుడ్డకు కత్తెర పెట్టేముందు చూసినట్టు, అంచు నుంచి అంచుకు. వేలితో ఫిబ్రవరి అంకె దగ్గర ఆగింది.

"ఇరవై మూడు రోజులు పోయిన్నా?"

"పోయినవు బిడ్డా. ఆ అంకె ఎక్కిచ్చింది గూడ నేనే."

"ఇది తీసుకపోత" అంది చుక్కల కాగితం మీద చేయి పెట్టి. "అది వద్దు సార్. చుక్క తీసేస్తె నన్ను తీసేసిన సంగతి గూడ పోతది. మా అబ్బ అబద్ధం చెప్పలేదని ఇంక యాడ రాసి ఉన్నది?"

"నౌకరి పోతె?"

"పోతె కుట్టుకుంట. ఇన్నేండ్లు కుట్టలేదా? మీరు రేపు నాతోని రావాలె. వస్తరా?"

వస్తానన్నాడు. పోతూ పోతూ పెద్దమేడం ఇంటి ముందు ఆగి, సంతకం అక్కర్లేదని చెప్పాడు. ఆమె ఎందుకని అడగలేదు. ఎండ తప్పుకున్నా కుర్చీలోనే కూర్చొని ఉంది.

గురువారం పరిశీలన కామారెడ్డిలోని ఒక బడి హాల్లో. పిల్లల బెంచీలను గోడకు నెట్టి బల్లలు వేశారు. వరుసలో రుఖియా నంబరు నలభై రెండు. ముప్పై తొమ్మిదో ఆయన సర్టిఫికెట్టు మీద తేదీ సరిపోక వెనక్కి తిరిగొచ్చాడు. తలుపు పక్కన గోడకానుకొని నిలబడి, కాగితాలను ఫైలులో పెట్టబోయి మళ్లీ తీసి చూసుకుంటున్నాడు. రుఖియా ఆయన్నే చూస్తోంది. సిద్ధిరాములు తన సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. రెండో కాగితాన్ని ఆయన చింపేయలేదు. సంచి అడుగున ఉంది. ఇప్పుడు తీసినా ఎవరికీ తెలియదన్న ఆలోచన వచ్చి పోయింది, మళ్లీ వచ్చింది.

బల్ల వెనక ఉన్న అధికారి పేరు పల్లవి అని ముందున్న చెక్కమీద రాసి ఉంది. ముప్పై దాటని మనిషి. పొద్దుటి నుంచి చూసిన కాగితాలతో అలసిపోయి ఉంది. దెగ్లూర్ కాగితం చూసి పెదవి విరిచింది. తర్వాత హాజరు కాగితం తీసింది. నాలుగు, ఐదు, ఆరు అని పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ ఏడు దగ్గర ఆగింది.

"పేరు ముందర ఇదేంటి?"

రుఖియా వెనక్కి చూసింది. సిద్ధిరాములు ముందుకొచ్చాడు.

"తీసేసిన పేరు అని గుర్తు మేడం. ఆ గుర్తు పెట్టింది నేను."

ఎందుకు పెట్టారని అడిగింది. చెప్పాడు. పెద్దమేడం పేరు చెప్పలేదు, బడి వాళ్లు చెప్పారని మాత్రం అన్నాడు. చెప్పినంతసేపూ చేతులు బల్ల అంచున ఉన్నాయి. వరుసలో వెనక ఉన్నవాళ్లు గుసగుసలు ఆపి వినసాగారు. పల్లవి ఆయన్ను కాక కాగితాన్నే చూస్తోంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి అంకెల కింద పెన్సిలు జరిపింది. మళ్లీ చుక్క దగ్గరికి పోయింది. మళ్లీ అంకెలకు వచ్చింది.

"అసలు ఫైలు చూపించగలరా?"

ఆయన లాప్‌టాప్ తెరిచి, డిస్కు తగిలించి, ఆజ్ఞ కొట్టాడు. గరగరమని తిరిగింది. ఆ శబ్దానికి పక్క బల్ల అధికారి కూడా తలెత్తాడు. పేర్లు దిగాయి. ఫైలు చివరగా మారిన తేదీ చూపించమంది. చూపించాడు. ఏప్రిల్ రెండువేల రెండు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"పొద్దుటి నుంచి ఏడుగురు తెచ్చిండ్రు, బడిల చదివినట్టు కొత్తగ అచ్చేసిన బోనఫైడులు" అంది. ఇంతసేపూ పుస్తకంలోలాగా మాట్లాడిన గొంతు మెత్తబడి ఊరి మాటకొచ్చింది. "అన్నీ ఎంత నీటుగ ఉన్నయో. ఏడూ పక్కకు పెట్టిన. దొంగ కాయితం చేసేటోడు తనకు తానే ఇట్ల చుక్క పెట్టుకోడు గద."

సిద్ధిరాములు చేయి సంచి మీద ఉంది. అడుగున ఉన్న నీటైన కాగితం వేళ్లకు తగిలింది.

ఆమె ఒక తెల్ల కాగితం ఆయన ముందు పెట్టి, చెప్పిందంతా రాసి సంతకం చేయమంది. ఆయన నిలబడే రాశాడు. పేరు, ఊరు, చేసిన ఉద్యోగం. పిల్ల బడికి వస్తుండగానే తీసివేత గుర్తు పెట్టిన సంగతి. అందులో తన తప్పు అన్న మాట దగ్గర కలం ఒక్క క్షణం ఆగి, ముందుకు సాగింది. పల్లవి దాన్ని రుఖియా కాగితాలకు గుచ్చి, ఏడో తరగతి పక్కన నాలుగో టిక్కు పెట్టి, స్థానికం అన్నచోట సంతకం చేసింది. "నెక్స్ట్ కౌంటర్, మెడికల్ ఫారం" అని, నలభై మూడో నంబరును పిలిచింది.

పని ముగిసేసరికి మూడు దాటింది. ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. రుఖియా మెచ్చుకోకపోవడమే ఆయనకు నయమనిపించింది. మెచ్చుకుంటే భరించలేకపోయేవాడు. ఎల్లారెడ్డి బస్సు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చున్నాక ఆమె అడిగింది.

"ఆ మిగిలిన పేర్లు ఉన్నయా సార్, మీ దగ్గర?"

ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. మంగళవారమే అచ్చువేశాడు, ఎవరికివ్వాలో తెలియక జేబులో పెట్టుకొని తిరుగుతున్నాడు. ఆమె పెన్సిలు తీసుకొని పై నుంచి చదవసాగింది. ఆమినా పక్కన సదాశివనగర్ అని రాసింది. నా పక్కన కూసునేది సార్, అంది. బాలరాజు పక్కన, లారీ, బోధన్. దుర్గవ్వ బిడ్డ లక్ష్మి దగ్గర, పెద్దకొడప్‌గల్‌కు ఇచ్చిండ్రు, బీడీలు చేస్తది. కొన్ని పేర్లు దాటింది. ఒక పేరు దగ్గర పెన్సిలు ఆపి, చనిపోయిందని మెల్లగా అని, ఏమీ రాయకుండా కిందికి జరిగింది.

"ఏం చేస్తవు బిడ్డా, ఇప్పుడు వీళ్లకు?"

"ఏం చేస్త సార్. చెప్త. వాళ్లు గూడ ఇండ్లల్ల ఎవరినో ఒకరిని తిట్టుకునే ఉంటరు."

బస్సు వచ్చి ఆగింది. జనం తలుపు దగ్గర మూగారు. రుఖియా తొందరపడలేదు. సంచిలోంచి పాలిథిన్ తొడుగు తీసి, అందులోని తన పది, ఇంటరు, ట్రైనింగ్ సర్టిఫికెట్లన్నీ బయటికి లాగి విడిగా సంచిలో వేసుకుంది. ఖాళీ అయిన తొడుగులో ఆ ముప్పై పేర్ల కాగితం పెట్టి, మూతి రెండు మడతలు వేసి, ఎక్కడా గాలి దూరకుండా వేలితో ఒత్తింది.